పైలము – ఒక వీడ్కోలు మాట పుట్టుపూర్వోత్తరములు

స్టేషన్ ఘన్‌పూరులో రైలుబండి యెక్కువసేపు నిలువదు. ఆ కొద్దిసేపటిలోనే మూటలెక్కింపవలెను, పిల్లలనెక్కింపవలెను, ముసలివారికి చేయూతనియ్యవలెను. చెప్పుకొనవలసిన మాటలన్నియు నింటివద్దనే ముగిసియుండును. అయినను బండి కదలునప్పుడు కిటికీ ప్రక్కన నిలిచిన తల్లి నోట నొక్క మాట తప్పక వెలువడును: "పైలం బిడ్డా!" కాజీపేటకు సంతకై పోవు కూతురికైనను, పట్టణమునకు కూలికి పోవు కొడుకునకైనను, విమానమెక్కి సముద్రములు దాటిపోవు మనుమరాలికైనను ఆ మాటయే. (ఈ సీమలో "బిడ్డా" యను పిలుపు ఆడుపిల్లలకే కాక మగపిల్లలకును చెల్లును. తల్లి నోట నది యెవరినైనను చంకనెత్తుకొనును.)

ఆ మాటకర్థమేమని యడిగినచో "జాగ్రత్త" యని యొక్కమాటలో చెప్పి తప్పించుకొనవచ్చును. కాని జనగామ, వరంగల్లు ప్రాంతముల స్త్రీలు దీనిని వాడు తీరు కొంచెము నిదానించి చూచితిమేని ఆ యర్థము చాలదని తేలును. నీళ్లకు పోవు కోడలితో అత్తగారు "బాయి గట్టు మీద పైలం" అనును. ఇచ్చట నది కాలుజారకుండ చూచుకొమ్మను హెచ్చరిక. పసిపిల్లవానిని చెల్లెలికప్పగించి పొలమునకు పోవు తల్లి "పోరన్ని పైలంగ సూస్కో" యనును. ఇచ్చట కాపాడుమని యర్థము. సంతలో అమ్మిన సరకు తాలూకు సొమ్ము భర్త చేతికిచ్చినపుడు "పైలంగ పెట్టు" అని కొంగు ముడివేసికొను నిల్లాలు చెప్పు మాటలో భద్రపఱచుటయే ప్రధానము. ఇవి చేయవలసిన పనులను గూర్చినవి. ఇక చాలదినములకు కనబడిన చుట్టమును చేతులు పట్టుకొని "అందరు పైలంగున్నరా?" యని యడుగునపుడు అది పని కాదు, స్థితి. ఎవరును ఏ కీడునకును లోనుగాక క్షేమముగా నున్నారా యని దాని భావము.

ఒక్క మాట ఇటు కాపాడు పనిని, అటు కాపాడబడిన స్థితిని గూడ చెప్పుట సామాన్యవిషయము కాదు. ఆ రెంటికిని నడుమ నున్న సంబంధము మన పల్లెస్త్రీలకు పుస్తకములు చదువకయే తెలిసియున్నది. విత్తనములు దాచు విధానము చూడుడు. జొన్నలో, పెసలో, అనుములో కోతలనాడే గట్టివి యేరి, బాగుగా నెండనిచ్చి, బూడిదయో వేపాకో కలిపి, కుండలో పోసి, మూతిమీద మూకుడుంచి, మట్టియో పేడయో మెత్తి, పురుగు దూరకుండ అటకమీద నుంతురు. "ఇత్తనాలు పైలంగ దాసిన" అని యిల్లాలు చెప్పినపుడు ఈ పనులన్నియు నా యొక్క మాటలో నిమిడియున్నవి. తొలకరి పడినపుడు కుండ దించి చూడగా గింజ యెట్లుంచినది యట్లేయుండును. అప్పుడును నామె యనునది యామాటయే: "పైలంగున్నయ్." ఆ కుండలోని గింజలమీద వచ్చు సంవత్సరపు కూడు ఆధారపడియుండును గనుక, ఆ మాట యెంత బరువు మోయుచున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంకొక యర్థము కూడ కలదు. చెప్పకపోయిన కథ సగమే యగును. అల్లరి మీరిన పిల్లవానివైపు వ్రేలెత్తి "పైలం బిడ్డా! మల్ల గిట్ల జేస్తివా..." అని వాక్యము ముగింపకయే ఊరకుండు తల్లులు ప్రతి వాడలోను గలరు. వీడ్కోలుమాటయే కనుబొమలు ముడిపడగానే బెదిరింపుమాట యైనది. కంఠస్వరము మాఱినదే కాని మాట మాఱలేదు.

ఇట్టి మాట నేటి చదువుకొన్న యిండ్లలో నెమ్మదిగా వెనుకకు తగ్గుచున్నది. పట్టణములోని కళాశాలలో చదువు తన కూతురు, తోడి విద్యార్థినుల యెదుట "పైలం" అనవద్దని, "జాగ్రత్త" యనియో "టేక్ కేర్" అనియో యనుమని తనను వేడుకొన్నదని ఈ ప్రాంతపు తల్లి యొకామె నాతో చెప్పినది. ఆమెకు కోపము రాలేదు. "నా మాట మోటదట" అని నవ్వినది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కొంద ఱింకొక యడుగు ముందునకు వేసి, ఇది యసలు తెలుగే కాదు, నిజాము కాలమున పట్టుకొన్న తురకమాట యందురు. విచిత్రమేమన, ఆ యింటికే వచ్చు దినపత్రికలో వైద్యుని సలహాలకు పైన "గుండె పదిలం" అని పెద్దయక్షరములతో శీర్షిక యున్నచో దానిని చక్కని తెలుగని మెచ్చుకొందురు. ఆ పదిలమును ఈ పైలమును తోబుట్టువులు గూడ కావు. రెండును ఒక్క మనిషియే. చీర మాత్రమే వేఱు.

ఈ సంగతి నిరూపించుటకు ముందు, అపోహ యెట్లు కలిగెనో చూతము. 1948 వఱకు ఈ సీమ నిజాము ప్రభుత్వము క్రింద నుండెను. కచేరీలలో నుర్దూ, 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు నుర్దూలోనే. కావున జర, ఫికరు, దవాఖాన, నౌకరి మొదలగు మాటలు వాడుకలో నిండుగ చేరినవి. చేరుటవలన భాషకు నష్టమేమియు కలుగలేదని నా యభిప్రాయము. కాని యందువలన నొక దురభ్యాసము పుట్టినది: తెలంగాణమున విన్న ప్రతి తెలియని మాటను ఉర్దూ ఖాతాలో వ్రాసివేయుట. పైలమునకు మఱియొక చిక్కు గూడ వచ్చినది. కుస్తీలు పట్టువానిని పైల్వాను అందురు. అది ఫారసీలోని పహ్లవాను. నిండు యౌవనమున నున్నవానిని పైలా పచ్చీసు అందురు; మొదటి యిరువదియైదేండ్లని యర్థమిచ్చు హిందూస్థానీ మాట యది. ఈ రెంటి నడుమ పైలము నిలుచుండగా, చూచినవారు దానిని గూడ వారి చుట్టమే యనుకొనిరి. పేరులో మొదటి యక్షరము కలిసినంతమాత్రమున చుట్టరికము కలియునా?

పదిలము అచ్చతెలుగు మాట. కావ్యభాషలో చిరకాలముగా నున్నది. బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువున దీనికి భద్రమను నర్థమే కనబడును. పదిలపఱచుట, పదిలముగా నుండుట మనమందఱము వ్రాతలో నెఱిగినవే. ఈ పదిలము నోటిలో నానినకొలది నడిమి "ద"కారము కరగినది. పదిలము పయిలమైనది, పయిలము పైలమైనది. రెండవ మెట్టు తెలుగున నిత్యము జరుగునదే: అయిదు ఐదైనట్లు, పయిన పైన యైనట్లు. మొదటి మెట్టే సందేహింపదగినదని కొందఱనవచ్చును. దానికిని సాక్ష్యములు కలవు. తేనెపట్టునుండి తీయు మైనమునకు సంస్కృతమున మదనమని పేరు. ప్రాకృతమున నడిమి దకారము జారి అది మయణమైనది; తెలుగున మైనమైనది. అరటికి సంస్కృతమున కదళి, హిందీలో కేలా. అచ్చటను జారినది దకారమే. భోజనము బోనమగునపుడు నడిమి జకారము జారినది. ఆషాఢమాసమున తలపై బోనమెత్తుకొని పోవు స్త్రీలు సంస్కృతపు భోజనమునే మోసికొనిపోవుచున్నారు గదా!

వీనియన్నిటికంటె నాకు నచ్చిన సాక్ష్యము బంగారముది. పసిడి యన్నను పైడి యన్నను ఒకటే. పసిడిలోని సకారము జారి పయిడియై పైడియైనది. దానిని కవులు ఆదరించి కావ్యములలో కూర్చుండబెట్టిరి; పైడిబొమ్మ, పైడికంటి యని మన పేర్లలోను, పూజలలోను నిలిచినది. పైడిని మోటమాట యని యెవరును తోసివేయలేదు. అదేవిధముగ పుట్టిన పైలము మాత్రము గడప యవతలనే నిలువవలసి వచ్చెను. ఒకటి రాజుల యింట తిరిగినది, ఒకటి రైతుల యింట తిరిగినది. ఇంతకంటె వేఱు దోషము నాకు కనబడుట లేదు.

పదిలమునకు పొరుగుభాషలలో గూడ చుట్టములు కలరు. కన్నడమున పదుళమను పాతమాట కలదు. క్షేమము, సుఖమని యర్థము. కన్నడమున పదాదిని పకారము హకారముగ మాఱుట ప్రసిద్ధము: మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి. ఆ రీతిగనే పదుళము హదుళమైనది. అఱవమున పదనమను మాట జాగరూకతను, కాపాడుటను తెలుపును. ఉర్దూ పుట్టుకకు ముందే దక్షిణదేశపు భాషలు పంచుకొన్న సొమ్మిది. తురకమాట యను వాదమునకు ఇచ్చట కాలు నిలువదు.

ఇక నొక సంగతి నా యూహగా చెప్పుచున్నాను. మన పదను అను మాట యున్నది. వాన వెలిసిన పిమ్మట నేల మఱీ తడిగాను మఱీ పొడిగాను లేక విత్తుటకు తగిన స్థితిలో నున్నచో పదనున్నదందురు. కొడవలి యంచునకు పదను. తోలును బాగుచేయుటకును అఱవమున ఈ మాటతోనే క్రియ యున్నది. కన్నడమున దీనిని హదమందురు. హద, హదుళములు ప్రక్కప్రక్కన నున్నట్లే మన పదను, పదిలములును ప్రక్కప్రక్కన నున్నవి. ఏ వస్తువు దాని తగిన స్థితిలో నున్నదో అది పదనైనది; ఆ స్థితి చెడకుండ నిలిచినచో పదిలమైనది. విత్తనపుకుండ యుదాహరణము ఈ యూహకు బాగుగ నతుకుచున్నది. ఏలయన ఎండబెట్టుటలో పదనును, మూత పెట్టుటలో పదిలమును గలవు.

పైలమునకు బదులుగా మనము వాడు మాటలు చెడ్డవి కావు; కాని వాని పుట్టుకలు వేఱు, స్వభావములు వేఱు. జాగ్రత్త యనునది మేలుకొనియుండుట యను సంస్కృతధాతువునుండి వచ్చినది. నిద్రపోవద్దని హెచ్చరించు కావలివాని మాట యది. హుషారు, ఖబర్దారు ఫారసీనుండి వచ్చినవి. మొదటిది తెలివితో నుండుమనును, రెండవది వార్త యెఱిగియుండుమనును. రెంటిలోను కొంత సిపాయి వాసన యున్నది. భద్రము మంగళకరమైన సంస్కృతపదము. వీని యన్నిటిలో పైలమునకు దగ్గఱిది క్షేమము. యోగక్షేమములను జంటలో యోగమనగా లేనిది సంపాదించుట, క్షేమమనగా నున్నదానిని కాపాడుకొనుట యని వ్యాఖ్యాతలు చెప్పుదురు. మన గృహములలో యోగము పురుషులదనియు క్షేమము స్త్రీలదనియు చిరకాలము పంచుకొనిరి. ఆ పంపకము న్యాయమా యను ప్రశ్న వేఱు. కాని ఆ పంపకము ఫలితముగనే పైలమను మాట యాడువారి నోట నిక్కువముగా నెక్కువ వినబడుచున్నదని నాకు తోచును.

వీడ్కోలునకు క్షేమము కోరుట మన యొక్కరి యాచారము కాదు. ప్రాచీన రోమకులు విడిపోవునపుడు "వాలే" యనిరి. బలముగా నారోగ్యముగా నుండుమని దానియర్థము. ఇంగ్లీషువారి గుడ్‌బై, దేవుడు నీతో నుండుగాక యను వాక్యము కుంచించుకొనిపోయిన రూపము. ఆ దేశపు ఉత్తరభాగమున టైన్ నదీప్రాంతపు జనులలో, మన పైలమునకు ముమ్మూర్తుల పోలిన మాట యొకటి కలదు: క్యానీ. వారు విడిపోవునపుడు "గ్యాన్ క్యానీ" యందురు. నిదానముగ, జాగ్రత్తగ పొమ్మని యర్థము. ఆ క్యానీ తెలియుట, ఎఱుగుట యను నర్థముగల పాతధాతువునుండి పుట్టినది. జాగరూకత గలవారినే గాక, మంచివారిని, ముచ్చటైన వస్తువును గూడ నా మాటతో మెచ్చుకొందురు. లండను పట్టణపు చదువుకొన్నవారు చిరకాలము దానిని పల్లెటూరి మాటగానే చూచిరి.

అట్టి పల్లెమాటల నన్నిటిని ప్రోగుచేసిన జోసెఫ్ రైటు కథ మన సోదరీమణులు వినదగినది. ఆయన 1855లో యార్క్‌షైరులో పేదయింట పుట్టెను. ఆఱేండ్లప్రాయమున గాడిదబండి తోలు పనికి కుదిరెను. పిమ్మట మిల్లులో పనివాడయ్యెను. పదునైదేండ్లు వచ్చువఱకు చదువు రాదు. తరువాత స్వయముగ నేర్చుకొని, జర్మనీకి పోయి చదివి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రాచార్యుడయ్యెను. 1898 మొదలు 1905 వఱకు ఆఱు సంపుటములుగ ఇంగ్లీషు మాండలిక నిఘంటువును ప్రకటించెను. ఈ పనిలో నాయన భార్య ఎలిజబెత్తు మేరీ రైటు తోడుగ నుండెను. ఆమె తానుగా 1913లో పల్లెజనుల పలుకుబడులను, నమ్మకములను గూర్చి యొక గ్రంథము వ్రాసెను. తాను పుట్టిన యూరి మాటకు సిగ్గుపడని పండితుడొకడును, ఆ మాటలలోని యందమెఱిగిన యిల్లాలొకతెయు కలియుటచే ఆ దేశమునకు లక్షలకొలది మాటల ప్రయోగములు దక్కినవి.

మన దేశమున నట్టి పని మొదలుకాలేదని యనరాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయపదములతో 1962లో వెలువడినది; చేనేతపదముల సంపుటము 1971లో వచ్చినది. తెలంగాణపు మాటలకు నలిమెల భాస్కరుగారు ప్రత్యేకముగ పదకోశము కూర్చిరి. కాళోజీ నారాయణరావుగారి జన్మదినమైన సెప్టెంబరు 9ని 2014 మొదలుకొని తెలంగాణ భాషాదినోత్సవముగ జరుపుచున్నారు. నాగలి భాగములకు, మగ్గము భాగములకు పేర్లు వ్రాసికొనుట సులభము. చేతితో చూపి యడుగవచ్చును. గడపలో నిలుచుండి చెప్పు మాటలు, పిల్లను నిద్రపుచ్చుచు చెప్పు మాటలు, వంటింటిలో పొయ్యివద్ద గొణుగు మాటలు చూపి యడుగుటకు వీలైనవి కావు. విన్నవారే వ్రాయవలెను, విన్నవారు మనము.

ఘన్‌పూరునకు మోటమాటల యూరని పేరు పెట్టువారు ఒకసారి దాని చుట్టుప్రక్కల చూడవలెను. 2016లో జనగామ జిల్లా యేర్పడినపుడు ఈ యూరు ఆ జిల్లాలో చేరినది. ఆ జిల్లాలోనిదే పాలకుర్తి. సంస్కృతము తెలిసియు జానుతెనుగే మేలని ద్విపదలో బసవపురాణము చెప్పిన సోమనాథుని యూరది. దానికి సమీపముననే పోతన పేరుతో ప్రసిద్ధమైన బమ్మెర. తెలుగుకవిత్వమున ఇంతకంటె మంచినీటి బావులు మఱియెన్ని గలవు? ఆ నేలమీద నడచిన స్త్రీల నోటిమాట తెలుగు కాదనుటకు మిక్కిలి ధైర్యము కావలెను. ఊరిపేరులోని స్టేషన్ మాత్రము నిజముగ పరాయిమాటయే. 1886లో ఇనుపదారి సికింద్రాబాదునుండి వరంగల్లు చేరిన పిమ్మట వచ్చి యూరి పేరునకు ముందు కూర్చున్నది. దానిని తీసివేయుమని యెవరును కోరలేదు, కోరనక్కఱయు లేదు. నూఱేండ్లకు మించి కలిసియున్న చుట్టము గదా! పరాయిమాటకు పీట వేసిన యిల్లు తన పెద్దమ్మను వాకిట నిలుపుటయే నాకు వింతగ నున్నది.

ఈ మాటను జాబులలో నెట్లు వ్రాయవలెనని యడుగువారును కలరు. పయిలమని వ్రాసిన తప్పు లేదు; పలుకుబడి మాత్రము పైలమే గనుక అట్లే వ్రాయుట మేలు. "పైలముగా" యని వ్యాకరణము దిద్దవచ్చును గాని, తల్లి బిడ్డకు వ్రాయు జాబులో "పైలంగ" యని యుండినచో చదువుచున్నపుడు కంఠము గూడ వినబడును. చేతిఫోనులో రెండు పంక్తుల సందేశము పంపువారికైనను ఇదే మాట. పిల్లలు బదులు వ్రాయునపుడు ఈ ప్రాంతపు మర్యాద చిన్నదొకటి కలదు: పైలమని చెప్పినవారికి "సరే" యని యూరకుండరు, "నువ్వు గూడ పైలమమ్మా" యని తిరిగి చెప్పుదురు.